పులిజూదం ఆడిన అక్కాతమ్ముళ్ళు: ఒక కేస్ స్టడీ

అక్కకు 14 ఏళ్ళు, తొమ్మిదో తరగతి. తమ్ముడికి 10, ఐదో తరగతి. తిరుపతి కొర్లగుంటలో రెండు గదుల అద్దె ఇల్లు. నాన్నది షిఫ్టు డ్యూటీ, అమ్మ ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. నాన్న వాళ్ళమ్మ, అంటే పిల్లల అవ్వ, వాళ్ళతోనే ఉంటుంది. పిల్లలిద్దరికీ కలిపి ఒకే గది: ఒక మంచం, ఒక పరుపు, ఒక టేబులు. ఫిబ్రవరి మొదటి వారంలో అమ్మ కౌన్సెలింగ్ కోసం మా దగ్గరికి వచ్చి చెప్పిన మాట ఇది: "పిలకాయలిద్దరూ ఉప్పూ నిప్పూ మేడం. ఒకరి గాలి ఒకరికి పడదు. కొట్టుకోకుండా చేస్తే చాలు."

ఇలాంటి పలు కుటుంబాల పోలికలు కలిపి కూర్చిన కేసు ఇది. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాం. అక్క, తమ్ముడు అనే పిలుస్తాం.

"కొట్టుకోకుండా చేస్తే చాలు" అన్న కోరికతోనే దాదాపు అందరూ వస్తారు. అది తీర్చడం పెద్ద పనేం కాదు. ఒకరిని ముందు గదిలో, ఒకరిని వెనక గదిలో కూర్చోబెడితే గొడవలు వారంలో సగానికి దిగుతాయి. అప్పుడు ఇంట్లో మిగిలేది ముఖపరిచయం మాత్రమే ఉన్న ఇద్దరు పిల్లలు. అమెరికాలో లారీ క్రేమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తోబుట్టువుల మీద ఏళ్ళ తరబడి చేసిన పని చెప్పేది కూడా ఇదే: గొడవ ఆపడం ఒక పని, కలిసి ఉండటాన్ని ఇష్టపడేలా చేయడం ఇంకో పని. మొదటిది అయినంత మాత్రాన రెండోది దానంతటది రాదు. ఆడమని పిలవడం, ఇష్టం లేకపోతే నొప్పించకుండా కాదనడం, ఎదుటివాళ్ళ చూపులోంచి చూడటం లాంటివి నేర్పితేనే వస్తాయి.

అందుకని ఈ ఇంట్లో రెండు లెక్కలు పెట్టించాం. ఒకటి గొడవలు. రెండోది "మంచి నిమిషాలు": ఇద్దరూ తమంతట తాము ఒకేచోట ఉండి, ఒకే పనిలో ఉండి, ఎవరూ ఎవరి మీదా ఫిర్యాదు చేయని నిమిషాలు. పక్కపక్కన కూర్చుని చెరొక ఫోను చూసుకుంటే అది లెక్కలోకి రాదు.

నోటు పుస్తకం చెప్పిన సంగతి

అమ్మకు ఐదు గళ్ళ పుస్తకం ఇచ్చాం: టైము, ఎవరు ఎక్కడున్నారు, సరిగ్గా ముందు ఏం జరిగింది, గొడవ ఏంటి, వెంటనే తర్వాత ఏం జరిగింది. ఈ పుస్తకాలు ఎక్కడ చెడిపోతాయో చెప్పాలి. అమ్మలు రాత్రి పడుకోబోయే ముందు గుర్తున్నది రాస్తారు, పెద్ద గొడవలే గుర్తుంటాయి, చిన్నవి జారిపోతాయి. ఈ అమ్మ పుస్తకాన్ని కుట్టు మిషను స్టాండుకు దారంతో వేలాడగట్టించి, పక్కనే పెన్సిలు కట్టించాం. మొదటి రెండు రోజుల్లో పిల్లలు కూడా పుస్తకాన్ని చూసి జాగ్రత్తగా ఉంటారు. అందుకని 9 రోజులు రాయించి, చివరి 7 రోజులే తీసుకున్నాం.

7 రోజుల్లో 31 గొడవలు. వాటిలో 19 సాయంత్రం 5.30కీ 8కీ మధ్య. 24 గొడవల్లో అమ్మో అవ్వో మధ్యలోకి దూరారు. మంచి నిమిషాలు వారం మొత్తానికి 25. అందులోనూ 20 నిమిషాలు ఒక్క రాత్రివే: కరెంటు పోయి అందరూ మిద్దె మీదికి చేరినప్పుడు.

ఆ 20 నిమిషాలు మాకు పనికొచ్చాయి. చీకటి, టీవీ లేదు, హోంవర్కు లేదు, మిషను చప్పుడు లేదు, కరెంటు రాగానే ముగిసిపోయింది. అంటే వీళ్ళకు చేతకాక కాదు, సందర్భం కుదరక. ఇక గొడవ ఎలా పుడుతుందో చూపించే ఒక నమోదు, అమ్మ మాటల్లోనే:

"6.10. పెద్దది లెక్కలు చేసుకుంటా ఉంది. వాడు వచ్చి మంచం మీద బాలు కొట్టినాడు. పోరా అనింది. వాడు పాట ఎత్తుకున్నాడు. అది అమ్మా అని అరిచింది. వాడు ఇంకా గట్టిగా పాడినాడు. స్కేలుతో ఒకటి ఇచ్చింది. ఏడ్చినాడు. అవ్వ వచ్చి 'ఏందిమే, చిన్నోడి మీద చెయ్యి చేసుకుంటావా' అని దాన్ని తిట్టింది. నేను వాణ్ణి బయటికి తీసుకొచ్చి బిస్కెట్టు ఇచ్చినా."

దీన్ని కింద నుంచి పైకి చదవాలి. చివర్లో తమ్ముడికి ఏం దక్కింది? అవ్వ మద్దతు, అమ్మ తోడు, బిస్కెట్టు. 5.30 నుంచి మిషను వెనక ఉన్న అమ్మ ముఖం వాడికి కనిపించింది 6.15కే. అక్కకు ఏం దక్కింది? తిట్లు పడ్డాయి, నిజమే, కానీ గది ఖాళీ అయింది. ఇద్దరికీ కూలి గిట్టింది. రేపు సాయంత్రం ఇద్దరూ మళ్ళీ అదే పనికి వస్తారు. పాట గట్టిదైతే అమ్మ తొందరగా వస్తుందని వాడు నేర్చుకున్నాడు, స్కేలు తీస్తే గది తొందరగా ఖాళీ అవుతుందని అక్క నేర్చుకుంది. పెంకితనం అని పేరు పెట్టేస్తే ఈ లావాదేవీ కంటికి కనిపించదు.

తేడా ఎక్కడ, పోలిక ఎక్కడ

పుట్టుస్వభావాన్ని కొలవడానికి మేం వాడేది అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ దంపతుల తొమ్మిది లక్షణాల చట్రం. 1956లో న్యూయార్కులో పసిపిల్లలతో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి వాళ్ళను గమనించి తేల్చినవి: ఒంటి చురుకు, ఆకలి నిద్రల్లో క్రమం, కొత్తవాటి దగ్గరికి వెళ్ళడమా వెనక్కి తగ్గడమా, మార్పుకు అలవాటు పడే వేగం, చప్పుడూ వెలుగూ స్పర్శా ఎంతైతే తగులుతాయి, స్పందనలో తీవ్రత, సాధారణ మనఃస్థితి, ధ్యాస చెదరడం, పట్టుదల. వాళ్ళు చెప్పిన ఇంకో మాట ఇంకా ముఖ్యం: ఏ స్వభావమూ దానంతటది సమస్య కాదు, చుట్టూ ఉన్నవాళ్ళు ఆశించేదానికీ స్వభావానికీ పొంతన కుదరకపోతేనే సమస్య.

ఒక్కో లక్షణానికి 1 నుంచి 5 వరకు అమ్మ చేత, నాన్న చేత విడివిడిగా మార్కులు వేయించాం. కలిపి వేయిస్తే రెండో మనిషి మొదటి మనిషిని చూసి రాస్తారు. చురుకులో తమ్ముడికి 5, అక్కకు 2. కొత్తవాళ్ళతో కలవడంలో 5, 1. తీవ్రతలో 5, 2. చప్పుడు తగలడంలో అక్కకు 5: మిక్సీ వేస్తే వెళ్ళి తలుపేసుకునే పిల్ల. వాడికి 1. ఇంతవరకు అందరూ ఊహించిందే.

పట్టుదల గడిలో మాత్రం ఇద్దరికీ 5, ఇద్దరు పెద్దలూ వేశారు. లెక్క తెగేదాకా అక్క లేవదు, పిలిచిన మనిషి పలికేదాకా తమ్ముడు ఆపడు. విరుద్ధ స్వభావాలని తీసుకొచ్చారు గానీ గొడవ మొదలవడానికే తేడా కారణం, అది ఆగకపోవడానికి కారణం వీళ్ళ పోలిక. ఇద్దరిలో ఒక్కరు మెత్తనివాళ్ళైనా 31 గొడవల్లో సగం రెండు నిమిషాల్లో చల్లారేవి. ఈ మాట అమ్మకు చెబితే మొదటిసారి నవ్వింది: "ఇద్దరికీ వాళ్ళ నాయన మొండితనమే."

ముందుకు పోయేముందు కొన్ని అనుమానాలు తీర్చుకోవాలి. తమ్ముడికి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవని, కుదురు లేని సమస్య) ఉందా? ఆ లక్షణాలు కనీసం రెండు చోట్ల, ఇంట్లోనూ బడిలోనూ, కనిపించాలి. వాడి క్లాసు టీచరు ఇచ్చిన కాగితంలో వాగుడు తప్ప ఫిర్యాదు లేదు, పని పూర్తి చేస్తాడు, కూర్చోమంటే కూర్చుంటాడు. అక్కకు జనం అంటే భయమా, దిగులా? ఇద్దరు దగ్గరి స్నేహితురాళ్ళున్నారు, క్లాసులో అడిగితే చెబుతుంది, నిద్రా తిండీ బాగున్నాయి. సిగ్గు, నెమ్మది, అంతే. గొడవ ఒకవైపే నడుస్తోందా? ఎప్పుడూ ఒకరే కొట్టి, రెండోవాళ్ళు భయపడి, ఒంటి మీద దెబ్బల గుర్తులుంటే అది తోబుట్టువుల గొడవ కాదు, వేధింపు. అక్కడ ఈ పద్ధతి పనికిరాదు, ముందు భద్రత చూడాలి. ఈ ఇంట్లో అది లేదు.

పెద్దల వంతు

మూడో సెషన్‌కు పిల్లలు లేరు, అమ్మానాన్నా అవ్వా మాత్రమే. నిజం చెప్పాలంటే అవ్వను పిలవకుండా ఇలాంటి కేసు మొదలుపెట్టడం వృథా. పగలంతా పిల్లల మధ్య జడ్జి ఆమే.

మొదటి మార్పు మాటల్లో. "వాడు కోతి, ఇది మూగది" అనే మాటలు ఇంట్లో రోజూ వినిపిస్తాయి. ఒకే ఇంట్లో పెరిగే పిల్లలు ఎలాగూ చెరొక మూల ఎంచుకుంటారు. ఒకరు నెమ్మది అనిపించుకుంటే రెండోవాళ్ళకు మిగిలేది సందడి. పెద్దలు ఆ మూలకు పేరు పెట్టి మేకు కొట్టేస్తే పిల్లలు అక్కడినుంచి కదలరు. అక్క గట్టిగా నవ్వినా "అబ్బో, మూగదానికి మాటలొచ్చాయే" అంటే మళ్ళీ నవ్వదు. పేరు బదులు పని చెప్పమన్నాం: "గట్టిగా పాడుతున్నావు, మిషను దగ్గరికొచ్చి పాడు." "దాన్ని చూసి నేర్చుకో" అనేది నాన్న మాట. అది అక్కకు పొగడ్త కాదు, తమ్ముడి చేతిలో పెట్టిన రాయి.

రెండోది, "పెద్దదానివి, నువ్వే సర్దుకోవాలి" అన్న తీర్పు. పుస్తకంలో అది 11 సార్లు ఉంది. పిల్లలకు అన్నీ సమానంగా ఇవ్వనక్కర్లేదు. తేడా ఎందుకో ఇద్దరికీ తెలిసి, ఇద్దరూ ఒప్పుకుంటే కడుపుమంట ఉండదు. అక్క 10 దాకా మేలుకోవచ్చు, ఎందుకంటే పై తరగతి. తమ్ముడు 9కి పడుకుంటాడు, దానికి బదులు పొద్దున అమ్మతో పూలు తేవడానికి వాడే వెళ్తాడు. ఇది ఇద్దరి ముందూ చెప్పించాం.

మూడోది, ఎప్పుడు దూరాలి, ఎప్పుడు దూరకూడదు. సణుగుడు అయితే తల ఎత్తొద్దు. గొంతులు లేస్తే ఒక్కసారి "గొంతులు లేచాయి, మీరే తేల్చుకోండి" అని చెప్పి వెనక్కి రావాలి. చేయి లేచినా, వస్తువు గాల్లో ఎగిరినా ఇద్దరినీ 10 నిమిషాలు విడదీయాలి, ఎవరు మొదలుపెట్టారని అడగకూడదు, బిస్కెట్టు ఇవ్వకూడదు. చల్లారాక ఒకచోట కూర్చోబెట్టి నాలుగే ప్రశ్నలు: ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు ఆగుతారా? నీకేం కావాలి? అక్కకు ఏం కావాలని నువ్వనుకుంటున్నావు? ఇద్దరికీ కుదిరే దారేంటి? దారి పెద్దలు చెప్పకూడదు. అవ్వకు ఇదే చేదుగా ఉంది: "కళ్ళముందు కొట్టుకుంటా ఉంటే నోరు మూసుకోని కూసోవాల్నా?"

నాలుగోది, రోజుకు 10 నిమిషాలు. అమ్మ మిషను ఆపి 5.30కి తమ్ముడితో ఒంటరిగా, ఫోను లేకుండా. గొడవకు ముందే ముఖం చూపిస్తే గొడవపెట్టి చూడాల్సిన పని ఉండదు. రాత్రి నాన్న ఉన్న రోజుల్లో అక్కతో మరో 10.

తలుపుకు రిబ్బను

బడి నుంచి వచ్చాక అక్కకు 45 నిమిషాల నిశ్శబ్దం కావాలి. రోజంతా అరవై మంది మధ్య ఉండి వచ్చిన ఇలాంటి పిల్లలకు అది అన్నం లాంటిది. 5.30 నుంచి 6.15 దాకా తలుపు గడియకు ఎర్ర రిబ్బను కట్టుకోవచ్చు. అది ఉన్నంతసేపూ వాడు లోపలికి రాకూడదు.

వారంలోనే ఇది బెడిసికొట్టింది. రిబ్బను 7 దాకా, 8 దాకా ఉండిపోయేది. తమ్ముడు బయట కూర్చుని తలుపును కాలితో తన్నేవాడు. తప్పు అక్కది కాదు, మాది: 6.15 అయిందని ఇద్దరికీ తెలిసే గుర్తేదీ పెట్టలేదు. ఎప్పుడు తెరుచుకుంటుందో తెలిసిన తలుపు ముందు పదేళ్ళవాడు ఆగగలడు. తెలియని తలుపు వాడికి "నువ్వొద్దు" అన్నట్టే. తీసేయకుండా సరిచేశాం. ఫోనులో అలారం పెట్టి బయట వాడి దగ్గరే ఉంచాం. అలారం మోగగానే రిబ్బను విప్పాల్సింది అక్క, విప్పి "రేయ్, రా" అని పిలవాల్సిందీ అక్కే. ఈ ఒక్క మాట ఆమెకు అన్నిటికన్నా కష్టమైంది. మొదటి నాలుగు రోజులు రిబ్బను విప్పి మాట లేకుండా వెళ్ళిపోయింది. ఐదో రోజు పిలిచింది. ఆ రోజు రాత్రి గొడవలు సున్నా.

నాలుగో సెషన్లో పిలవడం, కాదనడం. తమ్ముడు గడప దగ్గర ఆగి ఒకే వాక్యంలో చెప్పాలి, అందులో ఏ ఆటో, ఎంతసేపో ఉండాలి. "అక్కా ఆడుకుందాం రా" చాలదు. ఎంతసేపో తెలియని పిలుపు నెమ్మదస్తులకు గొయ్యిలా కనిపిస్తుంది. అక్క కాదనొచ్చు, కానీ టైము చెప్పి కాదనాలి: "ఇప్పుడు కాదు, ఏడుకి." టైము చెప్పిన తర్వాత వాడు ఏడుదాకా అడగకూడదు. అక్క ఏడుకు మాట తప్పితే అమ్మ పుస్తకంలో అక్క పేరిట గీత. సెషన్లో ఇద్దరి చేతా చెరి 10 సార్లు చెప్పించాం, తర్వాత పాత్రలు మార్చాం. అక్క పాత్ర వేసిన తమ్ముడు ముక్కు ముడిచి, గొంతు తగ్గించి "ఏడుకి" అన్న తీరుకు అక్క నోరు మూసుకుని నవ్వింది.

మూడు పులులు, పదిహేను మేకలు

కలిసి ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. ఇక్కడ పెద్దలు చేసే పొరపాటు, ఇద్దరికీ మధ్యస్థంగా ఉండేది వెతకడం. మధ్యస్థంగా ఉన్నది ఇద్దరికీ సగం నచ్చదు. ఇద్దరూ తమలాగే ఉండి, ఆ తేడాయే పనికొచ్చే పని కావాలి.

ముందు క్యారమ్స్ పెట్టి చూశాం. టప్‌టప్‌మనే చప్పుడు, కాయ పడగానే తమ్ముడి కేక, ఆరో నిమిషంలో అక్క లేచిపోయింది. చదరంగంలో ఇద్దరి బలగమూ ఒకటే, నాలుగేళ్ళు పెద్దదైన అక్కే ప్రతిసారీ గెలుస్తుంది. రెండాటలకే వాడు రాజును కిటికీలోంచి విసిరేశాడు. దారి చూపింది అవ్వ. "మా ఊర్లో రచ్చబండ మీద పులిజూదం ఆడేవాళ్ళం, అది తెలుసా వీళ్ళకి?" అంది. ఎక్కడో చూసినట్టు తల ఊపింది అమ్మ. పాత గుళ్ళలో బండల మీద చెక్కి ఉండే గళ్ళు అవే. అవ్వ మిద్దె మీద సుద్దముక్కతో పటం గీసింది: త్రికోణం, దాన్ని అడ్డంగా కోసే దీర్ఘచతురస్రం, మొత్తం 23 కూడళ్ళు. 15 చింతగింజలు మేకలు, 3 గులకరాళ్ళు పులులు.

ఆట ఇలా. పులులు ముందే పటం మీద ఉంటాయి. మేకలను ఒక్కోటిగా పెట్టాలి, 15 పెట్టేదాకా పెట్టిన మేక కదలకూడదు. పులి మాత్రం వంతు వంతుకూ కదలొచ్చు. పక్కనున్న మేక మీదుగా అదే గీతలో అవతలి కూడలి ఖాళీగా ఉంటే దూకి తినేస్తుంది. అయిదు మేకలు తింటే పులి గెలుపు (ఈ లెక్క ఊరికో రకం, అవ్వ చెప్పింది అయిదు). మూడు పులులకూ కదలిక లేకుండా కడితే మేకల గెలుపు.

ఈ ఆట వీళ్ళకు ఎందుకు కుదిరిందంటే, రెండు పక్షాలూ సమానం కావు. పులికి కావాల్సింది దూకుడు, తిరుగుడు, ఎదుటివాళ్ళ ఏమరుపాటును పట్టుకునే కన్ను. మేకలకు కావాల్సింది ఓపిక, ముందుచూపు, ఒకదాన్నొకటి కాచుకోవడం. ఎవరి స్వభావానికి తగ్గ పక్షం వాళ్ళకుంది. వంతులవారీ ఆట కాబట్టి చప్పుడు తక్కువ. ఒక్కో ఆట 15, 20 నిమిషాల్లో తెగుతుంది.

మొదటి వారం తమ్ముడు పులి, అక్క మేకలు. రెండు ఆటల్లోనే అక్క ఒక సంగతి పట్టేసింది: పటం అంచున పెట్టిన మేక వెనక కూడలి ఉండదు, కాబట్టి పులి దాని మీదుగా బయటికి దూకలేదు. ముందు అంచులు నింపి, తర్వాత లోపలికి వచ్చింది. వరసగా నాలుగు ఆటలు గెలిచింది. నాలుగో ఆటలో వాడు కాలితో చింతగింజలు చెదరగొట్టాడు. అవ్వ నోరు తెరవబోయి, చేత్తో మూసుకుందట.

దిద్దుబాటు చిన్నదే. రెండాటలు కలిపి ఒక జత, రెండో ఆటలో పక్షాలు మారాలి, జతకే లెక్క. దాంతో తమ్ముడు మేకల వైపు కూర్చోవాల్సొచ్చింది. మేకలతో వాడికి చేతకాలేదు. మధ్యలో మేక పెట్టి, పులి తినేస్తే ఆశ్చర్యపోయేవాడు. మూడో రోజు అమ్మ పుస్తకంలో ఇలా ఉంది: "7.20. వాడు మేక పెట్టబోతే అది 'ఆడ కాదురా, దాని ఎనక ఖాళీ చూడు' అనింది. వాడు ఏడ పెట్టాల అన్నాడు. అది చూపించింది. తర్వాత దాని పులి ఓడిపోయింది. ఇద్దరూ నవ్వినారు." తను ఓడిపోయే ఎత్తు తనే చెప్పిందన్నమాట అక్క. మేం నేర్పని పని అది.

తమ్ముడికి ఇంకో సరదా పుట్టింది, క్రికెట్ కామెంటరీలాగా ఆటకు వ్యాఖ్యానం చెప్పడం. అక్కకు చెవుల్లో సీసం పోసినట్టుండేది. వాళ్ళే కుదుర్చుకున్న ఒప్పందం: అక్క పులి అయినప్పుడు కామెంటరీ ఉండొచ్చు, మేకలైనప్పుడు నోరు మూయాలి, ఎందుకంటే మేకలకు ఆలోచన కావాలి. అవ్వ ఇప్పుడు జడ్జి కాదు, ఆట పెద్ద. నియమాల్లో సందేహం వస్తే ఆమెనే అడుగుతారు. మనవడి పక్షం వాలే అలవాటు పటం ముందు పనిచేయదు, దూకింది దూకినట్టే కనిపిస్తుంది.

ఒక దెబ్బ కూడా తగిలింది. మొదటి రెండు వారాలు 20 నిమిషాల దగ్గర, బాగా సాగుతుండగానే ఆపాలని చెప్పాం. ఒక ఆదివారం అమ్మ ముచ్చటపడి ఆపలేదు. 50 నిమిషాలు ఆడారు. చివర్లో అక్క అలిసిపోయి గింజలు ఎత్తేసింది, వాడు జుట్టు పట్టుకున్నాడు. నెమ్మది పిల్లల సత్తువ ఒక్కసారిగా అయిపోతుంది, ముందు సూచన పెద్దగా ఉండదు. ఇంకా ఆడాలని ఉండగా ఆపితేనే రేపు మళ్ళీ పిలుస్తారు.

ఒంటిపూట బడులు

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికే ఇద్దరూ ఇంట్లో. 5.30కి కట్టిన రిబ్బను, అమ్మ 10 నిమిషాలు, 7కి ఆట, ఏదీ కొత్త గంటలకు సరిపోలేదు. ఎండకు బయట ఆడే వీలూ లేదు. ఆ వారం గొడవలు 12 నుంచి 22కి ఎగిరాయి. ఈ ప్రాంతంలో ఫిబ్రవరిలో ప్లాను వేసేవాళ్ళు మార్చిని లెక్కలోకి తీసుకోవాలి, మేం తీసుకోలేదు. పట్టికను గడియారానికి కాకుండా పనులకు కట్టాం: బడి నుంచి వచ్చి అన్నం తిన్నాక 45 నిమిషాలు రిబ్బను, అమ్మ కునుకు తీసి లేచాక 10 నిమిషాలు, పొద్దు వాలాక మిద్దె మీద ఆట. ఏప్రిల్ పరీక్షలప్పుడు అక్క ఆటే వద్దంది. పూర్తిగా మానకుండా రోజుకు ఒక్క జత ఆటకు, అదీ అన్నం తిన్నాక మాత్రమే, ఒప్పుకుంది.

వంటింట్లో ఇంకో పని కలిపాం, ఆదివారం సంగటిలోకి ఊరిబిండి, అంటే వేరుశెనగ పచ్చడి. శెనగవిత్తనాలు సన్నమంట మీద పొట్టు చిట్లేదాకా వేయించడం, మిరపకాయలు లెక్కపెట్టడం, ఉప్పూ చింతపండూ కొలవడం అక్కది. మంట దగ్గర ఆగి చూసే ఓపిక ఆమెకుంది. చల్లారాక రోట్లో దంచడం తమ్ముడిది, చప్పుడు చేయడానికి ఇంట్లో అనుమతి ఉన్న ఒకే చోటు అది. మెత్తగా కాకూడదు, పలుకు తగలాలి. వాడు ఆపకుండా దంచి రెండుసార్లు ముద్ద చేశాడు. మూడోసారి అక్క 30 దెబ్బలు లెక్కపెట్టి "చాలు" అంది, ఆగాడు.

శ్రీవారి మెట్టు నడక ఏడో సెషన్ తర్వాత. 2,388 మెట్లు. ఇంతకుముందు ఒకసారి వెళ్ళి గొడవపడి వచ్చారు, ఎందుకంటే "చేతులు పట్టుకుని కలిసి ఎక్కండి" అన్నారు నాన్న. ఈసారి వాడు లెక్కపెడుతూ 100 మెట్లు పరుగెత్తి ఆగుతాడు. నీళ్ళ సీసా అక్క దగ్గరే ఉంటుంది, కాబట్టి ఆగక తప్పదు. అక్క తన నడకలో వచ్చి సీసా ఇస్తుంది, రెండు నిమిషాలు కూర్చుంటారు, మళ్ళీ వాడు ముందుకు. ఎవరి నడక వాళ్ళదే, కలుసుకోవడం మాత్రం ఇరవైకి పైగా సార్లు. 1,400 దగ్గర వాడు లెక్క తప్పాడు. అక్క మనసులో లెక్కపెట్టుకుంటూనే ఉంది.

లెక్కలు

ఏప్రిల్ చివర, ఎనిమిదో సెషన్ ముందు మళ్ళీ 9 రోజులు రాయించి 7 తీసుకున్నాం. గొడవలు 31 నుంచి 13కు వచ్చాయి. పెద్దలు దూరినవి 24 నుంచి 4కు. మంచి నిమిషాలు 25 నుంచి 190కి. 13 గొడవలంటే రోజుకు దాదాపు రెండు, ఈ వయసు పిల్లలున్న ఇంటికి అది మామూలే, ఇంకా తగ్గించే ప్రయత్నం చేయలేదు. చేయి లేచినవి రెండే. మారనివి కూడా ఉన్నాయి: అక్కకు చప్పుడు ఇప్పటికీ పడదు, వాడు ఇప్పటికీ పాడతాడు. నాన్న "దాన్ని చూసి నేర్చుకో" పూర్తిగా మానలేదు, నాలుక కొసదాకా వచ్చి ఆగిపోతుందని అక్క చెప్పింది.

మే మూడో వారంలో, గంగ జాతర అయ్యాక, ఒకసారి కలిశాం. ఆ జాతరలో రోజుకో వేషం కడతారు. దొర వేషం రోజు తమ్ముడికి ఒళ్ళంతా గంధం పూసింది అక్కే. పూశాక ఆరేదాకా కదలకూడదు. వాడు కదలకుండా నిలబడటానికి ఆమె కనిపెట్టిన ఉపాయం, వేపాకు దండ కడుతూ పక్కన కూర్చుని, ఈసారి కామెంటరీ తను చెప్పడం. వాడు వీధి పిల్లలతో గంగమ్మ గుడికి వెళ్ళాడు, ఆమె వెళ్ళలేదు, ఆ జనం ఆమెకు పడరు. రాత్రి గంధం పెచ్చులుగా రాలుతుండగా వచ్చి గడప దగ్గర ఆగి అడిగాడట: "అక్కా, జాతర అంతా చెప్తా, పది నిమిషాలు, ఇప్పుడా?" పుస్తకం మూయకుండానే ఆమె అంది: "ఈ పేజీ అయిపోనీ. కూసో."